డబ్బాలో వచ్చిన మెంతి నురగ

ఆ గురువారం మధ్యాహ్నం ముతహ్హర్ తిన్నది ఎవరి చేతి నురగో ఆయనకు తెలిసిందా, తెలియలేదా? నాషిర్‌ని అడిగితే ఒకరోజు తెలిసే ఉంటుందంటాడు, ఇంకోరోజు తెలిస్తే అంత నెమ్మదిగా కూర్చుని తింటాడా అంటాడు. ఇన్నేళ్ళ తర్వాత కాగితం మీద పెట్టబోతే నాకూ తేలలేదు. జరిగింది జరిగినట్టు చెప్పుకుపోవడం ఒక్కటే చేతనైన పని.

నాషిర్‌ది మహ్వీత్ వైపు కొండ మీది ఊరు. మీసాలు రాకముందే సనా నగరానికి వచ్చి, ఉప్పు బజారు వెనక సందులో హాజీ ముసన్నా భోజనాల కొట్లో కుదిరాడు. మళ్ళీ ఇంకో చోటు వెతుక్కోలేదు. ఆ కొట్టుకి పేరు రాసిన పలక లేదు. గ్యాస్ పొయ్యిల హోరు వీధి మలుపు దాకా వినపడుతుంది, దాన్ని పట్టుకుని వస్తారు జనం. మధ్యాహ్నం నమాజు కాగానే బల్లలన్నీ నిండిపోతాయి. ఎవరికి ఎక్కడ సందు దొరికితే అక్కడ కూలబడి, పక్కవాడి మోచెయ్యి తప్పించుకుంటూ తిని, మధ్యాహ్నమంతా నమిలే ఖాత్ ఆకు కట్ట చంకన పెట్టుకుని లేచిపోతారు. సాయంత్రం నమాజు పిలుపు వినపడేసరికి కొట్లో పిల్లులు తప్ప ఎవరూ ఉండరు.

అక్కడ వండేదల్లా సల్తా. నల్లరాతి గిన్నెలో మాంసం రసమూ కూరగాయలూ కలిసి తుకతుక ఉడుకుతూ బల్ల మీదికి వస్తాయి. ఆ ఉడుకు చల్లారకముందే రొట్టె ముక్కతో తోడుకుని తినాలి. అయితే గిన్నె మీద మెంతి నురగ పడేదాకా దాన్ని సల్తా అనరు, వట్టి పులుసు అంటారు. ఆ నురగ నాషిర్ పని. వేరే పని అతనికి చెప్పేవాళ్ళు లేరు, చెప్పినా చేసేవాడు కాదు.

పొద్దున నమాజు చేసుకుని రాగానే మెంతిపిండి నానేసేవాడు. పిండి అడుక్కి దిగి, పైన పచ్చని నీళ్ళు తేరతాయి. ఆ నీళ్ళు వంచెయ్యాలి. మళ్ళీ పొయ్యాలి, మళ్ళీ వంచాలి. పైకి తేలే నీరు తేటపడిందంటే చేదు పోయినట్టు. తొందరపడ్డవాడి నురగ పొంగుతుంది, చూడ్డానికి బాగానే ఉంటుంది, నోట్లో పెట్టుకుంటే మాత్రం వేపాకు నమిలినట్టే. నీళ్ళు తేటపడ్డాక చొక్కా చెయ్యి భుజం దాకా మడిచి, అరచేత్తో గిలక్కొట్టడం మొదలుపెడతాడు. మట్టిరంగు ముద్ద కాస్తా తెల్లబడి, ఉబ్బి, చేతికి బరువు తెలియకుండా అవుతుంది. అప్పుడు బేసిన్ ఎత్తి, బల్ల దగ్గర ఎవడు దొరికితే వాడి నెత్తిన బోర్లించి పట్టుకుంటాడు. చుక్క రాలదు. కింద ఉన్నవాడు కళ్ళు మూసుకుని కలిమా చదువుకుంటాడు, చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వుతారు. రోజూ ఇదే తంతు, అయినా రోజూ నవ్వేవాళ్ళు.

అలాంటివాడి కొట్లోకి ముతహ్హర్ డబ్బా పట్టుకుని వచ్చేవాడు.

ముతహ్హర్ నడుముకి బాకు కట్టుకునే పట్టీల మీద జరీ కుట్టేవాడు. బజారులో ఆయనది చిన్న అరుగంత దుకాణం. సన్నటి మనిషి, ఎప్పుడూ దారప్పోగులు అంటుకున్న కోటు. వచ్చి, గోడవార కూర్చుని, గళ్ళగుడ్డ మూట విప్పి, పాలపొడి డబ్బా ఒకటి తీసేవాడు. అందులో ఇంటి దగ్గర గిలక్కొట్టిన మెంతి నురగ ఉండేది. పొయ్యి అరుగు దగ్గరికి వచ్చి, డబ్బా నాషిర్ చేతిలో పెట్టి, "నా గిన్నెలో ఇది వెయ్యి నాయనా" అనేవాడు. అంతే.

పక్క కొట్లో మాంసం కొనుక్కొచ్చి వండించుకునేవాళ్ళు మా దగ్గర అడుగడుక్కీ ఉంటారు. దాన్నెవరూ తప్పు పట్టరు. ఒకడు గుడ్లు తెస్తాడు, ఒకడు ఊరి నుంచి వచ్చిన నెయ్యి తెస్తాడు. కానీ మెంతి నురగ చేసేవాడి ముందుకే మెంతి నురగ తెచ్చుకోవడం మాత్రం సందులో ఎవరూ కని విని ఎరగరు. ఒకరోజు మాంసం కొట్టు సుఫ్యాన్ బల్ల అవతలి నుంచి అడగనే అడిగాడు. "బాబాయ్, నురగ తెచ్చుకుంటున్నావు సరే. రేపటి నుంచి పొయ్యి కూడా మోసుకొస్తావా ఏంటి?"

"పొయ్యి బరువు నాయనా. నువ్వు మోస్తానంటే తెస్తాను" అన్నాడు ముతహ్హర్, రొట్టె తుంచుకుంటూ.

అందరూ నవ్వారు. నాషిర్ కూడా నవ్వాడు కానీ, ఆ నవ్వు పళ్ళ దగ్గరే ఆగిపోయింది. తన చెయ్యి నచ్చని మనిషి ఒకడు రోజూ వచ్చి, అందరూ చూస్తుండగా, ఆ మాట డబ్బాతో చెప్పి పోతున్నాడు. పోనీ కొట్టు మారతాడా అంటే మారడు. వెళ్ళేటప్పుడు మాత్రం అరుగు మీద చెయ్యి ఆనించి, "దేవుడు నీ చేతులు చల్లగా చూడాలి" అని దీవించి మరీ వెళ్తాడు. ఆ దీవెన నాషిర్‌కి పుండు మీద ఉప్పూ కారమూ కలిపి రాసినట్టుండేది.

ఎందుకై ఉంటుంది? కడుపులో జబ్బేమో అన్నాడు హాజీ ముసన్నా, గల్లా దగ్గర కూర్చుని. దిష్టి భయమేమో అన్నాడు సుఫ్యాన్. నాషిర్ ఒకటి రెండుసార్లు మర్యాదగానే అడిగాడు, ఇవాళ ఒక్కరోజు మాది రుచి చూడు బాబాయ్ అని. ముతహ్హర్ చిరునవ్వు నవ్వి, "ఇది ఉందిగా" అన్నాడు. ఏముంది ఆ డబ్బాలో? ఏం వేసి గిలక్కొడితే ఒక మనిషి దాన్ని విడిచి ఉండలేడు? నిమ్మరసమా, ఉల్లికాడలా, ఇంకేదైనానా? ఆ ఆరాటం నాషిర్‌ని ఇంటిదాకా వెంటాడేది. భార్య తఖియ్యా నవ్వేది. ఊళ్ళో అందరూ మెచ్చుకుంటున్నా ఒక్కడు మెచ్చుకోలేదని అన్నం మానేసేవాణ్ణి నిన్నే చూశాను అనేది.

గురువారం నాడు కొట్టు కిటకిటలాడుతోంది. ముతహ్హర్ డబ్బా ఇచ్చి వెళ్ళి గోడవార కూర్చున్నాడు. నాషిర్ మంటల వైపు తిరిగాడు. వీపు జనం వైపు ఉంది, ముందంతా ఆవిరి. డబ్బాలోని నురగని ఒక ఖాళీ చెంబులోకి వంపాడు. తన బేసిన్‌లోంచి నిండా గరిటెడు తీసి ముసలాయన గిన్నెలో వేశాడు. ముందు అనుకుని చేసిన పని కాదు. చెయ్యి చేసేసింది. గిన్నె బల్ల మీదికి వెళ్ళిపోయింది.

నాషిర్ పని మానేసి చూస్తూ నిలబడ్డాడు. ముతహ్హర్ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కాస్త ఆగాడు. వేడికి ఆగాడో, ఇంకెందుకో. తర్వాత తలొంచుకుని తిన్నాడు. గిన్నె అడుగు రొట్టెతో తుడిచి, చెయ్యెత్తి ఇంకో రొట్టె అడిగాడు. ఆయన రెండో రొట్టె అడగ్గా ఆ కొట్లో చూసినవాళ్ళు లేరు.

ఆ క్షణాన నాషిర్‌ని పట్టుకుంటే ఆగేవాడు కాదు. అయితే ఖాళీ డబ్బా తిరిగివ్వాలి కదా. ఎప్పుడూ గరిటెతో గీకి అలాగే ఇచ్చేసేవాడు. ఆ రోజు ఏం తోచిందో, కడిగి, తుడిచి ఇచ్చాడు. ముతహ్హర్ మూత తీసి లోపలికి చూశాడు. గుడ్డలో చుట్టుకుని, ఎప్పటిలాగే దీవించి వెళ్ళిపోయాడు.

జనం పలచబడ్డాక నాషిర్ చెంబు తీసి, ఆ నురగలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు. మరుక్షణం కుళాయి దగ్గరికి పరిగెత్తాడు. చేదు. మామూలు చేదు కాదు, నీళ్ళు సరిగ్గా వంచని చేదు, గొంతులోకి జారాక కూడా వదలని చేదు. నిమ్మరసమూ లేదు, ఉల్లికాడలూ లేవు, ఏ కిటుకూ లేదు. ఇన్నాళ్ళూ ఆ మనిషి దీన్ని మంచినీళ్ళంత తేలిగ్గా తిని వెళ్ళాడు.

గెలిచిన సంబరం అక్కడికక్కడే నీరుగారిపోయింది. ఇంటికి వెళ్ళి జరిగిందంతా తఖియ్యాకి చెప్పాడు. ఆమె ఈసారి నవ్వలేదు. చేదని తెలిసీ తింటున్నాడంటే అది నీ మీద కోపం కాదు, ఇంకేదో ఉంది అంది.

ఆ ఇంకేదో మర్నాడే తెలిసింది. వాళ్ళ వీధిలో ఒకావిడకి కాన్పయింది. బాలింత దగ్గరికి నలభై రోజులూ మధ్యాహ్నాలు ఆడవాళ్ళు చేరతారు. బాలింతని ఎత్తుగా పరుపుల మీద కూర్చోబెట్టి, చుట్టూ చేరి, కాఫీ గింజల పొట్టుతో కాచిన కషాయం తాగుతూ లోకమంతా మాట్లాడుకుంటారు. శుక్రవారం తఖియ్యా వెళ్ళేసరికి గుమ్మం పక్కన ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. ఎవరో చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు. ఆవిడకు చూపు లేదు. తఖియ్యా ఫలానావారి ఇల్లాలని విని, తడుముకుంటూ ఆమె చెయ్యి అందుకుంది.

"మెంతి నురగ నాషిర్ పెళ్ళానివా? ఐతే మనం చుట్టాలమే తల్లీ. మా ఆయన మీవాళ్ళ కొట్లోనే తింటాడు, నా నురగ వేసుకుని."

ఆవిడ హూరియ్యా, ముతహ్హర్ భార్య. అడక్కుండానే అంతా చెప్పింది. ఏనాటిదో ఒక విషజ్వరం ఆమె చూపు పట్టుకుపోయింది. చూపు పోయాక కూడా వంట మానలేదు. ఒకనాడు పొయ్యి దగ్గర చొక్కా చెయ్యి అంటుకుంటే, ముతహ్హర్ ఆమె చేత ఖురాను మీద ఒట్టు వేయించుకున్నాడు, ఇక నిప్పు దగ్గరికి పోనని. అప్పటి నుంచి ఆయన మధ్యాహ్నం బయటే తిని, ఆమెకూ భోజనం ఇంటికి తీసుకెళ్తాడు. నిప్పు అక్కర్లేని వంట మెంతి నురగ ఒక్కటే. అందుకని అది మాత్రం ఆమె వదల్లేదు. సగం కొట్టు నా గిన్నెలోనే రొట్టె ముంచుతుందట, మీ ఆయన కూడా అడిగి మరీ వేయించుకుంటాడట కదా, అని మురిసిపోతూ చెప్పింది. తఖియ్యా ఊ కొట్టింది.

తర్వాత ఆవిడ గొంతు తగ్గించింది.

"ఆ జ్వరం కళ్ళతో పాటు నా నాలుకనీ పట్టుకుపోయింది తల్లీ. కారమూ తీపీ ఒకటే నాకు. ఆయన చెప్పిందే నాకు రుచి. రోజూ బావుందంటాడు. నిన్న మాత్రం ఇంటికొచ్చి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ఇవాళ ఇంకో రొట్టె అడిగి తిన్నానే అన్నాడు. నేను నిన్న కొత్తగా చేసిందేం లేదు. మొన్నటి చెయ్యే, మొన్నటి నీళ్ళే. మరి మొన్నటిదాకా ఎలా ఉన్నట్టు? మీ ఆయన్ని అడిగి చెబుతావా, నా నురగ బావుంటుందో లేదో. ఆయన చేతిపనివాడు, అబద్ధం ఆడడు."

తఖియ్యా ఇంటికొచ్చి, గాజులు తీసి పెట్టకుండానే, ఆ మాటలు మాట పొల్లుపోకుండా మొగుడి ముందు పెట్టింది. రేపు నేను మళ్ళీ వెళ్తాను, ఏం చెప్పమంటావో చెప్పు అంది. నాషిర్ గోడకి చేరగిలబడ్డాడు. బావుందంటే అబద్ధం. చేదంటే ఆ ఇంట్లో మిగిలిన ఆ ఒక్క వంటా ఆగిపోతుంది. మార్చి వేశానని చెబితే ముతహ్హర్ ఇన్నాళ్ళు చెప్పిందంతా కూలిపోతుంది. తను చేసిన ఒక్క గరిటెడు మంచి నురగ ఇంత పని చేసిందా అనుకున్నాడు.

శుక్రవారం కొట్టుకి సెలవు. శనివారం ముతహ్హర్ వచ్చాడు. అదే కోటు, అదే మూట. డబ్బా తెచ్చి అరుగు మీద పెట్టాడు. చేతికివ్వలేదు. ఇది వెయ్యి నాయనా అని కూడా అనలేదు. పెట్టి, నాషిర్ ముఖం వంక ఒకసారి చూసి, వెళ్ళి గోడవార కూర్చున్నాడు. నీ ఇష్టం అని వదిలాడో, కాళ్ళు నొప్పులుండి నిలబడలేకపోయాడో.

పక్కనే బేసిన్ నిండా తెల్లగా నాషిర్ నురగ. చేతిలో డబ్బా. పొయ్యి మీద గిన్నె పొంగుతోంది, మాడిపోతుందిరోయ్ అని హాజీ అరుస్తున్నాడు. నాషిర్ డబ్బాలోదంతా గిన్నెలోకి వంపాడు. పట్టకారుతో గిన్నె పట్టుకుని, తనే అరుగు దిగి, బల్ల మీద పెట్టి, మళ్ళీ అరుగెక్కకుండా ముతహ్హర్ ఎదురుగా కూర్చున్నాడు. రొట్టె చెరిసగం తుంచి, బిస్మిల్లా అని గిన్నెలో ముంచాడు. పొయ్యి వేళ నాషిర్ బల్ల దగ్గర కూర్చోవడం అదే మొదలు.

ఇద్దరూ తిన్నారు.  చేదు నాలుక మీది నుంచి చెవుల దాకా పాకుతుంటే నాషిర్ నెమ్మదిగా నమిలి మింగాడు. ముతహ్హర్ గడ్డం మాత్రమే కదులుతోంది.

అంతలో సుఫ్యాన్ వచ్చిపడ్డాడు. "ఏంట్రా, మంటలొదిలి ఇక్కడ తిష్ట వేశావు? అంత బావుందా బాబాయ్ నురగ, నాకు తెలియకుండా?" అంటూనే రొట్టె ముక్క ముంచాడు. మా దగ్గర ఎవడి గిన్నెలో ఎవడు చెయ్యి పెట్టినా కాదనేది ఉండదు. నాషిర్ ఆపబోయి, ఎలా ఆపాలో తెలియక ఊరుకున్నాడు. సుఫ్యాన్ నోరు ఒక్కసారి బిగుసుకుపోయింది. ముతహ్హర్‌ని చూశాడు. నాషిర్‌ని చూశాడు. గొడ్లు కొట్టేవాడే కానీ మనుషుల్ని చూడ్డం వచ్చినవాడు. గుటుక్కున మింగి, పీట లాక్కుని కూర్చున్నాడు.

"హాజీ, ఇంకో రొట్టె ఇటు పంపించు. ముగ్గురికి ఒకటేం సరిపోతుంది" అన్నాడు.

గిన్నె అడుగంటా తుడిచి తిన్నారు. నాషిర్ చేతులు తుడుచుకుని, బల్ల మీదికి వంగాడు.

"బాబాయ్, ఇంటికెళ్ళి పిన్నితో చెప్పు. ఇవాళ నీ గిన్నెలో ముగ్గురం తిన్నామని, రొట్టె సరిపోలేదని. నా ఇంటిదీ అదే చెబుతుంది."

ముతహ్హర్ తలెత్తి చూశాడు. తన ఇంటి గుట్టు ఈ బల్ల దాకా వచ్చిందని అప్పుడు తెలిసినట్టుంది. డబ్బా కడగలేదు, మూత లోపల నురగ అంటుకునే ఉంది. దాన్ని అలాగే గుడ్డలో చుట్టి, ముడి వేసి, ముడి గట్టిగా ఉందో లేదో రెండుసార్లు లాగి చూసుకుని లేచాడు. నాషిర్ కూడా లేచి, అలవాటుగా అరుగు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. ముసలాయన చెయ్యి ఆనించే చోటు తడి లేకుండా తుడిచాడు కూడా.

ముతహ్హర్ ఆ అరుగు పక్కగా నడిచి వెళ్ళాడు. చెయ్యి ఆనించలేదు. దీవెన లేదు, వస్తాననీ లేదు. మూట చంకన పెట్టుకుని, గుమ్మం దగ్గర చెప్పుల్లో కాళ్ళు దూర్చుకుని, ఎండలోకి దిగి వెళ్ళిపోయాడు.