ఆకు లేహ్యం తిన్న మధ్యాహ్నాలు

మార్చురీకి ఆనుకొని ఉన్న గదిలో కూర్చుని టిఫిన్ బాక్సు తెరుచుకొని తిన్నదాన్ని నేను. నర్సు ఉద్యోగంలో చేరి ఇరవై రెండేళ్లయింది. నా కళ్ల ముందు పోయినవాళ్లను లెక్కపెట్టడం ఎప్పుడో మానేశాను. ఆయాలు తెల్లచీర, గజ్జెల చప్పుడు అంటూ భయపడి నా దగ్గరికి జరిగి కూర్చుంటే నవ్వేదాన్ని. దయ్యాలనేవి ఉంటే మొదట నాకే కనపడాలి కదా అనేదాన్ని. ఇప్పుడు ఆ మాట అనడం లేదు. ఉన్నాయని నమ్మి కాదు. అనబోతే నోరు రావడం లేదు.

ఇది మా అత్త విషయం. పేరు లక్ష్మమ్మ. కోడుమూరు దగ్గర ఒక పల్లెలో బతుకంతా వేరుశనగ చేలల్లో గడిపిన మనిషి. రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ అయింది. మూడేళ్లు బాగుంది. తర్వాత అది నడుము ఎముకల్లోకి పాకింది. దాని వెనకే ఎడమ కాలిలో రక్తం గడ్డకట్టింది, కాలు వాచి పుండు పడింది. గడ్డ పైకి రాకుండా రక్తాన్ని పలచన చేసే మాత్రలు రోజూ వేసుకోవాలన్నారు. మేం నందికొట్కూరులో ఉంటాం. కర్నూలు ఆసుపత్రికి తిప్పడం సులువని ఆమెను మా ఇంటికి తెచ్చుకున్నాం. నేను సెలవు పెట్టాను.

నొప్పి ఒక ఎత్తు, వాంతులు ఒక ఎత్తు. క్యాన్సర్ మందు ఎక్కించి వచ్చిన రోజు నుంచి గంజి కూడా కడుపులో నిలిచేది కాదు. వాంతికి డాక్టరు రాసిన మాత్రలు మార్చి మార్చి వేశాను. రెండు నెలల్లో ఆమె ముంజేతి గాజులు మోచేతి దాకా జారడం మొదలైంది.

అప్పుడు వచ్చాడు రంగన్న, మా అత్తకు తమ్ముడు. నాకు చిన్నాయన వరస. చేతిలో వక్కపొడి డబ్బా ఉంది. మూత తీస్తే లోపల నల్లగా, పచ్చగా ముద్ద.

"ఏంది చిన్నాయనా ఇది?"

"ఆకు. నెయ్యిలో ఉడికించి బెల్లం కలిపినారు. గంజాయి అని కేకలెయ్యొద్దమ్మా. మా పక్కూర్లో ఒకాయన నెల దినాలు అన్నం ముట్టలేదు. ఇది తిన్నాక ముట్టినాడు."

నేను డబ్బా తీసుకొని అటక మీద పెట్టేశాను. గంజాయి తెచ్చే చెరుపు నాకు తెలియనిది కాదు. ఇట్లాంటిదే మోతాదు తెలియకుండా తిన్న ఒకతను, నేను చచ్చిపోయినాను అని అరుస్తూ మా ఆసుపత్రికి వచ్చాడు. గుండె గుర్రంలా పరుగెత్తుతోంది. ఏళ్ల తరబడి పీల్చి, చివరికి గోడలు తనను తిడుతున్నాయని ఇంట్లోవాళ్ల మీద కత్తి ఎత్తిన ఇంకొకతన్నీ చూశాను. అలాగే, ఇదే మొక్క నుంచి తీసిన మందును క్యాన్సర్ వాంతులకు, నరాల నొప్పులకు డాక్టర్లు వాడే చోట్లున్నాయని కూడా విన్నాను. రెండూ నిజమే. డబ్బాలో ఉన్నది ఈ రెండింటిలో ఏదో నాకు తెలియదు. ఎంత ఘాటుదో, చట్టానికి ఏ పక్కన ఉందో కూడా తెలియదు.

నాలుగో రోజు తాగిన నీళ్లు కూడా కక్కేసింది అత్త. బకెట్ కడిగి వచ్చేసరికి నా కొంగు పట్టుకుంది.

"సుజాతా, నాకు నయం గాకపోయినా పర్వాలేదు. కడుపులో ఇంత మెతుకు నిలబడితే సాలమ్మా. మా తమ్ముడు తెచ్చింది ఇయ్యి."

ఉదయం పదకొండింటికి శనగగింజంత ఇచ్చాను. పక్కనే కూర్చుని నాడి చూస్తున్నాను. గంట దాటినా ఏమీ లేదు. నోటితో తిన్నది ఆలస్యంగా పనిచేస్తుందని, పనిచేయలేదనుకొని ఇంకొంచెం పెడితేనే ప్రమాదమని తెలుసు కాబట్టి ఆగాను. ఒంటిగంటకు ఆమె కళ్లు ఎర్రబడ్డాయి. నోరు ఎండుతోందని నీళ్లు అడిగింది. ఆ తర్వాత, "ఉగ్గాని చేస్తావా?" అంది.

బొరుగులు నానబెట్టి, పచ్చిమిరపకాయ తగ్గించి చేసి తెచ్చాను. చిన్న గిన్నెడు తినింది. వాంతి కాలేదు. నేను వంటింట్లోకి పోయి స్టవ్ ముందు నిలబడి ఏడ్చాను.

పది రోజులు అలా గడిచాయి. ఆమె తిన్నది. నిద్రపోయింది. నొప్పి ఉంది గానీ, "నొప్పి ఆ గదిలో ఉన్నట్టుంది, నేను ఈ గదిలో ఉన్నట్టుంది" అనేది. డాక్టరుకు మాత్రం చెప్పలేదు. నర్సువయ్యుండి ఇంట్లో ఇలాంటిది పెడుతున్నావా అంటాడని సిగ్గు. అది నా తప్పు.

పదకొండో రోజు మధ్యాహ్నం కూలర్‌లో నీళ్లు పోస్తున్నాను. వెనక నుంచి అత్త అంది, "ఆయమ్మను కూర్చోమనమ్మా. అంతసేపట్నుంచీ నిలబడుకోనుండాది."

వెనక్కి తిరిగాను. బీరువాకూ కిటికీకీ మధ్య ప్లాస్టిక్ కుర్చీ ఖాళీగా ఉంది. అత్త దాని పక్కకు చూస్తోంది.

నేను భయపడలేదు. ముసలివాళ్లకు ఈ మత్తులో లేనివి కనపడటం మామూలే. నోటు పుస్తకంలో టైము రాశాను, నాడి నూట నాలుగు అని రాశాను. మర్నాటి నుంచి మోతాదు సగం చేశాను. అయినా రోజూ అదే వేళకు ఆమె చూపు అక్కడికే పోయేది. బడిలో పనిచేసే మా ఆయన సాయంత్రం వచ్చాక చెబితే, "మత్తులో ఏదో అంటాంది, పోనీలే" అన్నాడు. నేనూ అదే అనుకున్నాను. కానీ ఒకటి మాత్రం మనసులో ములుకులా ఉండిపోయింది. మిగతా విషయాల్లో అత్త తెలివిగానే ఉంది. ఏ వారమో చెప్పేది. గ్యాస్ సిలిండరు వచ్చిందా అని అడిగేది. ఆ కుర్చీ దగ్గరే మాట మారిపోయేది.

నాలుగో మధ్యాహ్నం నేనే అడిగాను. "ఎవరత్తా ఆయమ్మ?"

"నాకేం తెలుసు? నా కోసం కాదు, నీ కోసం వచ్చిండాది."

నా వీపు మీద చెమట ఒక్కసారిగా చల్లబడింది. ఊరికే అడిగినట్టు, "ఎట్లుంటాది?" అన్నాను.

అత్త కళ్లు చిట్లించి చూసింది. ఎండలో దూరంగా వచ్చే మనిషిని గుర్తుపట్టేటప్పుడు అలా చూస్తుంది.

"బక్కమనిషి. ఎడమ చెయ్యి వాసిండాది. మణికట్టుకు తెల్ల ప్లాస్టరు చుట్టినారు. శానా గట్టిగా ఉండాదంట. ఇప్పమంటే నువ్వు, ఊరికే పడుకో, నీ ఒక్కదానికే ఉండామా అంటివంట గదా?"

చేతిలోని గ్లాసు కింద పెట్టాను. పెట్టకపోతే పడిపోయేది.

ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది, వేరే ఊళ్లో, ఒక ఆడమనిషి నా వార్డులో ఉండేది. పేరు సుంకులమ్మ. లివర్ చెడి, పొట్ట నిండా నీళ్లు చేరి వచ్చింది. బతికే కేసు కాదు. ఎడమ చేతికి సెలైన్ సూది పెట్టి ప్లాస్టరు చుట్టింది నేనే. చెయ్యి వాచింది, ప్లాస్టరు బిగుసుకుంది. సిస్టరమ్మా, కొంచెం వదులు చెయ్యి అని మూడుసార్లు పిలిచింది. ఆ పూట వార్డులో నేనొక్కదాన్నే, నలభై మంది రోగులు. మూడోసారి నేను అన్న మాట అదే. ఊరికే పడుకో, నీ ఒక్కదానికే ఉండామా. తిరిగి వచ్చేసరికి పోయింది. ప్లాస్టరు వల్ల కాదు. అది నాకు తెలుసు. కానీ తర్వాత దాన్ని కోసి తీస్తే చర్మం మీద లోతుగా పడిన గుర్తు కనపడింది. ఆ గుర్తు గురించి గానీ, ఆ మాట గురించి గానీ ఎవరికీ చెప్పలేదు. మా అమ్మకు చెప్పలేదు. అప్పటికి నాకు పెళ్లి కూడా కాలేదు.

అత్త మళ్లీ అంది. "ఇప్పమ్మా. చెయ్యి మొద్దుబారిపోతాందంట. పాపం."

అప్పుడు నేను చేసిన పని రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. అత్త కాలి పుండుకు కట్టు కోసే కత్తెర కిటికీలో ఉంది. తీసుకున్నాను. మధ్యాహ్నం రెండు గంటలు. వీధిలో ఎండ తెల్లగా కాస్తోంది, పక్కింట్లో టీవీ మోగుతోంది. ఖాళీ కుర్చీ ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను. మణికట్టు ఉండాల్సిన చోట, గాలిలో, కత్తెర ఆడించాను.

గాలిలో కత్తెర ఆడిస్తే ఎలా ఉంటుందో అందరికీ తెలుసు. అలా లేదు. రెండో ఊపుకు ఏదో అడ్డుపడింది. పాత గుడ్డ ప్లాస్టరు కోసేటప్పుడు కత్తెర ఎలా ఆగి, జిగురులో ఇరుక్కొని కదులుతుందో అలా కదిలింది. వేలాది సార్లు చేసిన పని, నా చేతికి అది తెలియకుండా ఉండదు. చివర్లో ఒక్కసారి వదిలింది.

"ఆ," అంది అత్త మంచం మీద నుంచి. "వదులైంది."

నేను కుర్చీ వైపు చూడకుండా లేచి నిలబడ్డాను. అత్త ఇంకెవరి మాటో వింటున్నట్టు తల పక్కకు ఒంచి, "నా నోరు చూడమంటాంది నిన్ను" అంది.

ఏ నర్సుకైనా నోరు చూడమంటే చెయ్యి దానంతటదే పోతుంది. ఫోన్ లైటు వేసి కింది పెదవి లాగాను. చిగుళ్ల వెంబడి రక్తం సన్నగా ఊరుతోంది. చీర కుచ్చిళ్లు పైకి జరిపితే తొడల మీద, ఎక్కడా తగలకుండానే, నేరేడుపండు రంగులో మచ్చలు. ఉదయం స్నానం చేయించినప్పుడు లేవు. నేను చూడలేదేమో కూడా.

మా ఆయనకు ఫోన్ చేసి, ఆటో మాట్లాడి, సాయంత్రానికల్లా కర్నూలులో ఉన్నాం. రక్తం గడ్డకట్టే పరీక్ష చేశారు. ఉండాల్సిన దానికంటే చాలా పలచబడిందన్నారు. ఇంకో రోజు ఆలస్యమైతే మెదడులోనో కడుపులోనో రక్తం పోయేదన్నారు. అప్పుడు డబ్బా సంగతి చెప్పాను.

డాక్టరు కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. "వాంతులకు పనిచేసిందంటే నేను కాదనను. కానీ ఆ ఆకు, ఈ మాత్ర లోపల ఒకదానికొకటి అడ్డం పడతాయి. మాత్ర ఒంట్లోంచి పోకుండా పేరుకుంటుంది. మీరు ముందే చెప్పి ఉంటే ప్రతి మూడు రోజులకూ పరీక్ష చేసేవాణ్ణి" అన్నాడు. లేనివి కనపడటం గురించి కూడా అడిగాడు. ఎవరో కూర్చున్నట్టు కనపడిందట అని మాత్రం చెప్పాను. రాసుకున్నాడు.

మాత్ర ఆపి, విరుగుడు ఇంజెక్షన్ ఇచ్చారు. ఐదు రోజులకు ఇంటికి వచ్చాం. లేహ్యం డబ్బా మురికి కాలవలో పారేశాను. ఆ తర్వాత అత్త కుర్చీ వైపు చూడలేదు. ఆయమ్మ ఊసు ఎత్తలేదు. నేను ఒకసారి కదిలిస్తే, "ఎవరు?" అంది.

నాకు నేను చాలా చెప్పుకున్నాను. పెళ్లయిన కొత్తలో డెంగీ వచ్చి మూడు రోజులు ఒళ్లు తెలియకుండా పడి ఉన్నాను. నా దగ్గర కూర్చున్నది అత్తే. అప్పుడు నేను పలవరించి ఉండవచ్చు. ఆమె మనసులో ఎక్కడో ఉండిపోయి ఈ మత్తులో బయటికి వచ్చి ఉండవచ్చు. నోట్లో రక్తం రుచి ఆమెకు తగిలి ఉండవచ్చు. కట్లు కోసే కత్తెరకు జిగురు ఉండటం వింత కాదు. ఇవన్నీ విడివిడిగా సరిపోతాయి. ఒకే మధ్యాహ్నం, ఒకే కుర్చీ దగ్గర, ఒకదాని తర్వాత ఒకటి ఎందుకు జరిగాయో దానికి మాత్రం సరిపోవు. మత్తు తిన్నది ఆమె. నేను ఆ రోజు పొద్దున ఒక కప్పు టీ తప్ప ఏమీ ముట్టలేదు.

ఎవరికీ చెప్పని మాట ఇంకొకటి ఉంది.

రెండు వారాలకు వాంతులు మళ్లీ మొదలయ్యాయి. డాక్టరే అన్నాడు, రక్తం పలచన చేసే మాత్రకు బదులు ఇంజెక్షన్ పెడదామని, అనుమతి ఉండి, ఆ ఆకుతోనే చేసిన కొలత తెలిసిన మందు రాసే ఆయుర్వేద వైద్యుడు తనకు తెలుసని, తనే చూసుకుంటూ కొంచెం కొంచెంగా ప్రయత్నిద్దామని. మా ఆయన నా ముఖం చూశాడు. ఇంట్లో వైద్యం తెలిసినదాన్ని నేనే.

"వద్దు," అన్నాను. "మళ్లీ రక్తం పోతే నేను తట్టుకోలేను."

అందరూ ఒప్పుకున్నారు. నొప్పికి మార్ఫిన్ మాత్రలు ఇచ్చారు. నొప్పి కొంత అణిగింది, ఆకలి రాలేదు. అత్త రెండుసార్లు అడిగింది. "ఆ ముద్ద లేదా సుజాతా? కొంచెమే." లేదన్నాను. మూడోసారి అడగలేదు. ఏడు వారాలకు పోయింది. చివరికి చెంచాడు గంజి కూడా దిగలేదు.

నేను వద్దన్నది రక్తానికి భయపడి కాదు. ఇంజెక్షన్‌తో ఆ ముప్పు తగ్గుతుందని నాకు తెలుసు. ఆ మందు పడితే మధ్యాహ్నం మళ్లీ అత్త ఆ మూలకు చూస్తుందని భయపడ్డాను. ఈసారి ఇంకెవరు వచ్చి నిలబడతారో, నా నోటి నుంచి జారిన ఇంకే మాట అత్త నోట వినాల్సి వస్తుందో అని భయపడ్డాను. నా ఉద్యోగంలో అలాంటి మాటలు అదొక్కటే కాదు.

వచ్చినామె నా మీద కోపంతో వచ్చిందనుకోవడానికి కూడా లేదు. ఆ రోజు అత్త ప్రాణం నిలిపింది ఆమె మాటే. అయినా నేను తలుపు వేసేశాను. ఆ గదిలో ఏం జరిగిందో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. అత్తను ఆకలితో పంపించింది మాత్రం నేనే.