లెక్కలోకి రాని వైరు

మా బడి ల్యాబులో నిక్రోమ్ తీగ వేడెక్కినప్పుడల్లా దాని మీది దుమ్ము కాలి ఒక వాసన వస్తుంది. పిల్లలు ముక్కులు మూసుకుని నవ్వుతారు. మీటరు చూసి అంకె చెప్పండర్రా అని తొందరపెడతాను గానీ, ఆ వాసన వెనకే నాకు ఎండు నెత్తళ్ల చేపలు, కాలిన గోనె, కరిగిన నైలాన్, వరసగా వచ్చేస్తాయి. ఇక నేను విజయనగరంలో ఉండను, భావనపాడులో మా ఇంట్లో ఉంటాను.

తొమ్మిది పాసై పదిలోకి వెళ్లబోయే వేసవి అది. వేట నిషేధం రోజులు. పడవలన్నీ ఇసుక మీదికెక్కి ఎండలో పడుండేవి. పగటిపూట ఎన్నడూ ఇంట్లో కనబడని మగాళ్లు వీధిలో వలలు పరుచుకుని, కాలి బొటనవేలికి వల తగిలించి, చిరుగులు కుట్టుకుంటూ పొద్దుగూకేదాకా కబుర్లాడేవాళ్లు. ఉద్దానం వైపు నుంచి పనసపళ్లు, జీడిమామిడి పళ్లు గంపల్లో దిగేవి. జీడిపండు రసం బట్టలకి అంటించుకుని, ఆ మరక ఏ సబ్బుకీ వదలక వీపు విమానం మోత మోగించుకుని, మళ్లీ తొక్కుడుబిళ్లకి పరిగెత్తేవాళ్లం. అమ్మ ఎండుచేపల గంపతో నౌపడ వెళ్లిపోతే ఇల్లంతా మామ్మదే, అంటే మా నాన్నని కన్నతల్లిదే. మామిడికాయ వేసి ఆవిడ పెట్టే నెత్తళ్ల పులుసుకి పక్కింటివాళ్లు గిన్నెలు పట్టుకొచ్చేవాళ్లు.

మామ్మ వంట కరెంటు పొయ్యి మీద. పింగాణీ బిళ్ల గాడిలో చుట్లు చుట్లుగా స్ప్రింగు తీగ. అది అప్పుడప్పుడూ తెగేది, తెగిన కొసలు రెండూ దగ్గరికి లాగి మెలిపెట్టేవాళ్లు. ఈసారి తెగినప్పుడు నేను పక్కింటి అక్క పాత పదోతరగతి పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను.

"ఒలే, కరెంటు గురించే సదువుతన్నావు గదా, దీని సంగతేటో సూడు" అంది మామ్మ. ఆ మాటతో నేను ఇంజనీరునైపోయాను.

పొయ్యి మీద వెయ్యి వాట్లని ఉంది. ఇంటికొచ్చేది రెండువందల ఇరవై వోల్టులు. వాట్లని వోల్టులతో భాగిస్తే కరెంటు నాలుగున్నర ఆంపియర్లు. వోల్టుల్ని ఆ కరెంటుతో భాగిస్తే నిరోధం సుమారు నలభై ఎనిమిది ఓములు. పొడవు తగ్గితే నిరోధం తగ్గుతుందని పుస్తకం చెప్పింది. తీగలో మూడో వంతు కోసేస్తే ముప్పై రెండు ఓములే, కరెంటు దాదాపు ఏడు ఆంపియర్లు, వోల్టులతో గుణిస్తే పదిహేనువందల వాట్లు! అన్నం చిటికెలో ఉడికిపోతుంది. జవాబు కింద రెండు గీతలు గీసి, కాలని మంచి తీగని కూడా కత్తిరించి పారేసి, మిగిలింది సాగదీసి గాడిలో పెట్టాను. పొయ్యి ఎన్నడూ లేనంతగా వెలిగింది. మామ్మ బుగ్గన చెయ్యి పెట్టుకుని, "మా గుంటకి సదువు అబ్బినాది" అని వీధంతా చాటింది.

ఆ పొయ్యి వైరు సన్నది, మధ్యలో ఒక అతుకు. గోడవార పరిచిన గోనెపట్టా కింద నుంచి పోయేది. పట్టా మీద నాన్న వారాల తరబడి కుట్టిన వల మడతపెట్టి ఉండేది. ఫ్యూజు మాటిమాటికీ పోతోందని అందులో లావుపాటి రాగితీగ చుట్టింది కూడా నాన్నే. మూడో రోజు ఆ పట్టా అంచు మీద అడుగు పడితే కింద వైరు వేడిగా తగిలింది. నేను పెంచిన కరెంటంతా ఆ వైరులోంచే వస్తోందని నాకు తెలుసు. నా లెక్కలో వైరే లేదు. కూర్చుని మళ్లీ లెక్క చెయ్యాల్సింది. బయట నుంచి పిల్లలు కేకేశారు, వెళ్లిపోయాను. గుమ్మం దాటుతూ వెనక్కి చూస్తే మామ్మ గంజి వార్చి, స్విచ్చి ఆపి, కుళాయికి వెళ్లడానికి బిందె అందుకుంటోంది.

కాసేపటికి మా ఇంట్లోంచి పొగ. స్విచ్చి ఆపేలోపే వైరు అతుకు వేడికి గోనె లోలోపల రాజుకుని, ఆనక వల అంటుకుంది. అందరికన్నా ముందు మామ్మే లోపలికి దూరి వలని రెండు చేతులా బయటికి లాగింది. కరిగిన నైలాన్ ఆవిడ అరచేతులకి అంటుకుపోయింది. ఇల్లు దక్కింది. నాలుగు రోజుల్లో గంగమ్మకి మొక్కి సముద్రంలో దించాల్సిన వల ఉండలు కట్టి వాకిట్లో పడింది.

"పొయ్యి ఆపకుండా ఎల్లిపోనావేటమ్మా?" అన్నాడు నాన్న.

"ఆపీసినాన్రా."

"ఆపితే ఎలాగంటుకున్నాది?"

మామ్మ నా వైపు చూసింది. ఆవిడ ఆపడం చూసినదాన్ని నేనొక్కదాన్నే. చూశానని చెబితే, మరి ఎలా అంటుకుందన్న ప్రశ్న నా మీదికి వస్తుంది. తల దించుకున్నాను.

"మరిసిపోనానేమోరా, ముసిల్దాన్నయిపోనాను" అంది మామ్మ.

నాన్న ఆ ఏడంతా ఇంకొకరి పడవ మీద కూలికి వెళ్లాడు. మరుసటేడు కొత్త వల వచ్చింది. మామ్మ మాత్రం తన మతిని తాను నమ్మడం మానేసింది. గొళ్లెం పెట్టి, వీధి చివరిదాకా వెళ్లి, వెనక్కొచ్చి చూసుకునేది. ఉప్పు వేసిందో లేదో నన్నడిగేది, ఆ పులుసు మళ్లీ ఆ రుచికి రాలేదు. లైటు ఆపినా, ఫ్యాను ఆపినా, మచ్చలు కట్టిన చెయ్యి స్విచ్చి మీదే ఉంచి, "సూడే, ఆపీసినానా?" అనేది. ఆపేశావులే మామ్మా అనేదాన్ని. ఎన్నిసార్లన్నానో లెక్కలేదు. పదోతరగతి ఫలితాల రోజున నిజం చెప్పేద్దామనుకున్నాను. ఆ కాలిన చేతులతోనే ఆవిడ వీధంతా బెల్లం పంచుతుంటే పిరికిదాన్ని, పళ్లెం పట్టుకుని వెనకాలే నడిచాను. నేను ఇంటర్లో ఉండగా మామ్మ పోయింది.

ఇప్పుడు భావనపాడులో మా వీధిలోనూ అందరికీ గ్యాసే. కరెంటు పొయ్యి ఎలా ఉండేదో మా బడి పిల్లలకి బొమ్మ గీసి చూపించాలి. వోల్టుల్ని ఆంపియర్లతో భాగించడం వాళ్లకి నిమిషం పని. వైరు సంగతి కూడా రాయండి అంటాను, విసుక్కుంటూ రాస్తారు. గంట కొట్టి అందరూ వెళ్లాక మెయిను స్విచ్చి దించి, దాని మీద చెయ్యి తియ్యకుండా కాసేపు నిలబడతాను.

ఆ రోజు కూడా ఆపేశావు మామ్మా. నేను చూశాను.