తక్ గారి ఆరని సిమెంటు

తక్ సంగ్‌బే ఏ మరమ్మతూ పూర్తి చెయ్యడు. ఇది ఆయన మీద ఎవరో గిట్టనివాళ్ళు వేసిన నింద కాదు, ఓడరేవు పక్కనున్న యంగ్దో కొండ మీద మెట్ల వీధిలో ఎవర్నడిగినా చెప్పే సంగతి. కుళాయి బాగుచేస్తాడు, ఆఖరి మర బిగించడు. గోడకి రంగు వేస్తాడు, తలుపు పక్కన చేటంత మేర వదిలేస్తాడు. బాత్రూములో టైళ్ళు పరిచాడంటే ఏదో ఒక మూల ఒక టైలు పెట్టకుండానే తాపీ కడిగేసుకుంటాడు. ఇదేమిటని అడిగితే జవాబు ఎప్పుడూ నాలిక చివరే ఉంటుంది.

"సిమెంటు ఆరాలి."

పొట్టి మనిషి. అరవై దాటాయి. వయసులో ఉండగా ఓడల అడుగున పేరుకున్న గుల్లలు గీకే పని చేసి, ఆ సంపాదనతో ఈ మూడంతస్తుల ఇల్లు కొన్నాడు. పైన డాబా మీద గదిలో ఒక్కడూ ఉంటాడు. కింద గదులు అద్దెకిస్తాడు, అదీ ఒంటిగాళ్ళకే. మిగతా ఓనర్లు వద్దని తిప్పి పంపిన ముసలివాళ్ళూ, దిక్కులేనివాళ్ళూ చివరికి ఆయన గుమ్మం దగ్గర తేలతారు.

కుమ్‌హీ కూడా అలాగే తేలింది, చలికాలం మొదట్లో. ఆమె మొగుడు కింద ఓడల యార్డులో పరంజా కూలి పోయాడు. అదే యార్డు క్యాంటీన్లో ఆమె వంట చేసేది. ఆయన పోయాక ఆ గేటు దాటి లోపలికి అడుగు పడలేదు, పని మానేసింది. పిల్లల్లేరు. ఒక పరుపు, రెండు గిన్నెలు, మొగుడి ఫోటో పట్టుకుని రెండో అంతస్తు గదిలోకి వచ్చింది. ఫోటో గోడవైపు తిప్పి పెట్టుకుంది. నేలని వెచ్చబెట్టే బాయిలర్ వెయ్యకుండా, కోటు విప్పకుండా, ఒక మూల కూర్చుంది. పొయ్యి వెలిగించడానికి మనసు రాలేదు. ఒక్కదానికోసం వండటం ఆమెకి చేతకాని పని.

వచ్చిన వారానికే బాత్రూములో నేల టైళ్ళు లేచి, నీళ్ళు కింద అంతస్తులోకి దిగాయి. కింద ఉండే సున్‌రే అవ్వ చీపురుకర్రతో తన కప్పు మీద టకటకా కొట్టింది. అవ్వకి ఎనభై. గొంతుకి మాత్రం పాతికే.

"అమ్మాయ్! నా నెత్తిన వానొస్తోంది! నీ బాత్రూమేనా, మేఘమా?"

కుమ్‌హీ ఓనరుకి ఫోను చేసింది. ఫోను ఇంకా చెవి దగ్గరుండగానే తక్ సిమెంటు బకెట్టుతో గుమ్మంలో నిలబడ్డాడు.

"వెంటనే చెప్పారు, మంచిపని చేశారు," అన్నాడు. "చెప్పడం అద్దెకున్నవాళ్ళ వంతు. గోడలో దాక్కున్నదీ, నేలలో దాక్కున్నదీ అంతా నా వంతు. గోడకి వేలాడే షవరు గొట్టం మీ వంతు. బల్బు మీ వంతు. తూములో వెంట్రుకలు..." ఒక్క క్షణం ఆగి, ఆమె జుట్టు చూసి, తన బట్టతల తడుముకున్నాడు. "అవి కచ్చితంగా మీవే."

పైపు మార్చాడు. టైళ్ళు పరిచాడు. పని నిజంగా బాగా చేశాడు. తలుపు మూల ఒక్క టైలు మాత్రం పెట్టకుండా లేచాడు.

"అదొక్కటీ వెయ్యలేదే?"

"సిమెంటు ఆరాలి. రేపొస్తా."

మర్నాడొచ్చాడు. వంగి, సిమెంటుని వేలితో నొక్కి, వాసన చూసి, పెదవి విరిచాడు. "ఆరలేదు. గది చల్లగా ఉంటే ఎలా ఆరుతుంది? బాయిలర్ వెయ్యండి. గ్యాసు ఖర్చు నాది, మరమ్మతు కోసం కదా." తనే స్విచ్చి తిప్పి వెళ్ళాడు. నేల వెచ్చబడింది. కుమ్‌హీ ఆ రోజు కోటు విప్పింది.

ఆ మర్నాడు మళ్ళీ వచ్చాడు. "ఇవాళేం వండారు?"

"మీకెందుకు?"

"నాక్కాదు, సిమెంటుకి. ఆవిరి తగలకుండా వెచ్చబెడితే బీటలిస్తుంది. ఏదైనా చారు కాచండి. సముద్రపు నాచు చారైతే మరీ మంచిది, ఉప్పుగాలి సిమెంటుకి బలం."

"ఏ మేస్త్రీ చెప్పాడు మీకు?"

"ఓడలు చెప్పాయి," అన్నాడు గంభీరంగా.

తిట్టుకుంటూనే ఆమె చారు కాచింది. కాచాక పారబోయలేక తాగింది. మరో రోజు కిటికీ తెరవమన్నాడు, మరో రోజు మూయమన్నాడు. ఇంకో రోజు గదిలో మనుషుల మాట వినపడకపోతే సిమెంటు బిగుసుకోదని, రేడియో తెచ్చి పెట్టాడు. కింద నుంచి సున్‌రే అవ్వ అరిచింది: "అమ్మాయ్, ఇంకా ఆరలేదా? కంగారు పడకు, నా గదిలోది ఏళ్ళ తరబడి ఆరుతోంది!"

ఇదంతా కుమ్‌హీ ఓర్చుకుంది. ఓర్చుకోలేకపోయింది గడియ సంగతి. ఒక పొద్దున తక్ బాత్రూమ్ తలుపు గడియ ఊడదీసి, తుప్పు పట్టిందని జేబులో వేసుకుపోయాడు. మళ్ళీ తేలేదు. అడిగితే తలుపు చెక్క ఉబ్బిందనీ, చెక్క ఆరాలనీ అన్నాడు.

"ఒంటరి ఆడదాని ఇంట్లో బాత్రూమ్ గడియ పీకుతారా? అదేం బుద్ధి?" అని ఆమె మెట్ల మీద నిలబడి కేకలేసింది.

ఆయన మొహం ఎర్రబడింది. "లేదమ్మా... నేను కింది మెట్టు నుంచే కేకేసి వస్తా, సరేనా?" అన్నాడు. అన్నట్టే మర్నాటి నుంచి చేపలమ్మేవాడిలా "టైలూ! టైలు మనిషీ!" అని వీధంతా అదిరేలా అరుస్తూ మెట్లెక్కడం మొదలుపెట్టాడు. కుక్కలు మొరిగాయి. గడియ మాత్రం రాలేదు.

కుమ్‌హీ తిన్నగా జిల్లా కార్యాలయానికి వెళ్ళింది. అద్దె తగాదాల బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయి ఓపిగ్గా విని చెప్పింది: "చిన్నాచితకా మీరు చూసుకోవాలి. పైపూ, నేలా, తలుపూ ఆయన చూసుకోవాలి. సాగదీస్తుంటే మీరే చేయించుకుని ఖర్చు ఆయన్నడగండి. ఇంకో మాట. మీరు రమ్మనకుండా ఆయన మీ గదిలోకి రాకూడదు. నీళ్ళు కారిపోవడం లాంటి ఆపదైతే వేరే సంగతి."

ఆమె ప్లంబర్‌ని పిలిచింది. వాడు భోజనాల వేళకల్లా అంతా ముగించాడు. టైలు పెట్టాడు, సందుల్లో తెల్లసిమెంటు పూశాడు, తలుపుకి మెరిసే కొత్త గడియ బిగించాడు. తక్ గుమ్మం బయటే నిలబడి చూశాడు. ఎంతయిందో అడిగి బేరమాడకుండా ఇచ్చేశాడు.

"ఇక మీరు రానక్కర్లేదు," అంది కుమ్‌హీ. "జిల్లా కార్యాలయం వాళ్ళు కూడా అదే చెప్పారు."

"రానమ్మా." ఆయన వెళ్ళబోతూ ఆగాడు. "ఆ గడియ ఒక్కటీ... వేసుకోకుండా ఉండలేరా?"

"ఎందుకు?"

ఆయన ఖాళీ బకెట్టు పట్టుకుని మెట్లెక్కిపోయాడు.

గెలిచానని కుమ్‌హీ ఆ సాయంత్రం సంతోషపడింది. ఆ తర్వాత గది నిశ్శబ్దమైపోయింది. సిమెంటు ఆరిపోయింది కాబట్టి బాయిలర్ అక్కర్లేదు. చారు ఎవరి కోసం కాచాలి? రేడియో ఆపేసింది. మళ్ళీ కోటు తొడుక్కుని మూలన కూర్చుంది. మొగుడి సంవత్సరీకం దగ్గరపడుతోంది. ఆయనకి పెట్టాల్సిన పళ్ళూ, చేపలూ కొనడానికి లేవాలనుకుంటూనే లేవలేకపోయింది. తినడం తగ్గింది. ఒకసారి అన్నం గిన్నె ముందు పెట్టుకుని పొద్దుగూకేదాకా చూస్తూ కూర్చుంది.

సంవత్సరీకం ముందు రోజు పొద్దున మొహం కడుక్కుందామని బాత్రూములోకి వెళ్ళింది. అలవాటుగా గడియ పెట్టింది. కుళాయి మీద చెయ్యి వేసేలోపే కళ్ళకి చీకట్లు కమ్మాయి. తెలివొచ్చేసరికి నేల మీద ఉంది. తుంటి దగ్గర ఏదో విరిగింది. కదిలితే ప్రాణం పోతోంది. అరుద్దామంటే గొంతులోంచి గాలి తప్ప రాలేదు. తలుపు చెయ్యి చాపినంత దూరంలో ఉంది. గడియ ఆమెకి అందనంత ఎత్తులో, కొత్తగా మెరుస్తోంది.

కిటికీలో వెలుగు మారింది, పోయింది, మళ్ళీ వచ్చింది. టైళ్ళ చలి ఎముకల్లోకి దిగింది. ప్లంబర్ చేసిన పని ఎంత పక్కాగా ఉందంటే, నేల మీంచి చుక్క నీరు కిందికి దిగే దారి లేదు. ఎవరికీ ఏమీ తెలియదు. మొదట్లో భయమేసింది. తర్వాత ఆ భయం కూడా పోయి, ఇలాగే పోతే పోనీ అనిపించింది. పక్కకి తిప్పిన మొహానికి దగ్గరగా తూము ఉంది. అందులోంచి సన్నగా మాటలు వినిపించాయి.

"నిన్నట్నుంచి పైన అడుగుల చప్పుడు లేదయ్యా. నీళ్ళ చప్పుడు లేదు." అది సున్‌రే అవ్వ.

"తలుపు కొట్టా పెద్దమ్మా. పలకలేదు." అది తక్. "బయటికి వెళ్ళుంటుంది."

"చెప్పులు గుమ్మంలోనే ఉన్నాయి కదా!"

"నాకు హక్కు లేదు పెద్దమ్మా. చెడిపోయిందేమీ లేదు. రానని మాటిచ్చాను. ఆవిడకి నేనంటేనే..."

"ఏదైనా కారితే?"

"కారితే వెళ్ళొచ్చు. ఆపద కదా. ఎక్కడ కారుతోంది?"

బొళుక్కున చప్పుడైంది. చెంబుడు నీళ్ళు ఎవరో కప్పు మీదికి విసిరిన చప్పుడు.

"ఇదిగో కారుతోంది! నా నెత్తినే పడింది! ఆపదా, కాదా?"

"ఆపదే!" అన్నాడు తక్. "ఘోరమైన ఆపద!"

మెట్ల మీద పరుగు. ఆయన కేకే. "టైలూ! టైలు మనిషీ!" బయటి తలుపుకి ఆయన దగ్గర తాళంచెవి ఉంది. బాత్రూమ్ తలుపుని సుత్తితో పగలగొట్టాడు. చెక్కలోంచి దూరి, ఆమె పక్కన మోకాళ్ళ మీద కూలబడి, మొహం ముందు చెయ్యి పెట్టి చూశాడు. ఊపిరి తగలగానే కాళ్ళు చాపుకుని, పిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. కుమ్‌హీకి అన్నిటికన్నా ఎక్కువ అదే గుర్తుండిపోయింది. తనకోసం ఏడ్చే మనిషి ఇంకా మిగిలాడని ఆమె అనుకోలేదు.

ఆసుపత్రిలో సున్‌రే అవ్వ పక్కన కూర్చుని కమలాపండు వలుస్తూ అసలు సంగతి చెప్పింది.

"నీ గదిలో ఇదివరకు ఓ వెల్డింగ్ పనివాడుండేవాడు. నెమ్మదస్థుడు. కుళాయి చెడిపోయిందని చెప్పడానికి కూడా మొహమాటమే. అద్దె బ్యాంకు నుంచి దానంతటదే వచ్చి పడేది. ఒక్క ఫిర్యాదు లేని అద్దెదారని ఈ తక్ వీధంతా చెప్పుకునేవాడు. ఇబ్బంది పెట్టకూడదని ఆ గుమ్మం తొక్కేవాడే కాదు. ఆ చలికాలం పోయి మంచు కరిగాక తలుపు పగలగొట్టారు. బాత్రూములో పడి పోయున్నాడు. లోపలి గడియ పెట్టుంది."

కుమ్‌హీ చేతిలో తొనని పక్కన పెట్టేసింది.

"అప్పట్నుంచి ఆయన ఏ పనీ పూర్తి చెయ్యడు. పూర్తయితే రావడానికి సాకుండదుగా! రోజూ వస్తే మనం ఊరుకుంటామా? సిమెంటు ఆరలేదంటే తిట్టుకునైనా తలుపు తీస్తాం."

"మీకు తెలిసే ఉందా ఇదంతా?"

"తెలియకేం? ఓసారి మర్చిపోయి నా కుళాయి ఆఖరి మర బిగించేశాడు. ఆయన మెట్లు దిగకముందే నేనే వదులు చేశా." అవ్వ తొన నోట్లో వేసుకుంది. "నేను వదులు చేస్తానని ఆయనకీ తెలుసు. మేమా విషయం మాట్లాడుకోం."

వసంతం వచ్చాక కుమ్‌హీ చంకకర్రల మీద ఇంటికొచ్చింది. మొగుడి ఫోటోని ఇవతలికి తిప్పి, ఆలస్యంగానైనా ఆయనకి చేపా, పళ్ళూ పెట్టింది. అదే పొద్దున తక్ బాత్రూముకి కొత్త తలుపు బిగిస్తున్నాడు. మర ఒక్కటి వదల్లేదు. గడియ కూడా వేసి, అటూ ఇటూ లాగి చూపించాడు. ఆమె మొహంలోకి చూడలేదు.

"అయిపోయిందమ్మా. అన్నీ పూర్తి. బయట నుంచి కూడా తెరుచుకునే రకం గడియ, మీకు అభ్యంతరం లేకపోతేనే. ఇక మీరు పిలవకుండా నేను రాను. అది మీ హక్కు."

కుమ్‌హీ నేల వైపు చూసింది. ప్లంబర్ పెట్టిన టైలు తలుపు మూలన తళతళలాడుతోంది. చంకకర్ర ఎత్తి, దాని నడిమధ్యన ఫటేలుమని కొట్టింది. టైలు నాలుగు ముక్కలైంది.

తక్ నోరు తెరిచాడు. "అదేంటమ్మా! మీరే పగలగొట్టారు! చేతులారా పగలగొడితే బాగుచేసుకోవడం అద్దెకున్నవాళ్ళ వంతు!"

"నా వంతే. కాదన్నానా? కానీ నాకు పని రాదు. మీరు రోజూ వచ్చి పక్కన కూర్చుని నేర్పాలి. చారు కాస్తాను, తాగి మరీ నేర్పాలి."

కింద నుంచి చీపురుకర్ర టకటకలాడింది. "ఏమిటా చప్పుడు? మళ్ళీ ఎవరైనా పడ్డారా?"

"పడలేదు అవ్వా!" కుమ్‌హీ అరిచింది. "మరమ్మతు!"

"అయితే నాకూ ఓ గిన్నె చారు ఉంచండి!"

తక్ వంగి టైలు ముక్కలు ఏరాడు. ఓనరులా మొహం ముడుచుకుని ఉందామని చాలా ప్రయత్నించాడు. పెదాలు మాట వినలేదు. మిగిలిన ముక్కల్ని పక్కకి ఊడ్చి, సిమెంటు తెస్తానని హుషారుగా మెట్లెక్కాడు. చారు పొయ్యి మీద ఉడుకు పట్టేసరికి తిరిగొచ్చాడు. సిమెంటు తెచ్చాడు. బకెట్టు తెచ్చాడు. తాపీ తెచ్చాడు.

"ఇసుకేదీ?" అంది కుమ్‌హీ.

ఆయన బకెట్టులోకి చూసి, నిజంగానే ఆశ్చర్యపోయినట్టు తల గోక్కున్నాడు.

"ఇసుక రేపమ్మా," అని గిన్నె ముందుకు చాపాడు.