ముందే కొట్టిన గంట

మా బంధువుల్లో ఒక మాట స్థిరపడిపోయింది. మా అమ్మాయికి తెలివి ఉంది గానీ నిలకడ లేదనీ, తొందరపడి మంచి ఉద్యోగం చేజార్చుకుందనీ. ఆ మాట పుట్టించింది నేనే. అది నిజం కాదు.

డిగ్రీ అయ్యాక అమ్మాయి ఒక కంపెనీకి దరఖాస్తు పెట్టింది. వాళ్లు ఇంటర్వ్యూకి పిలవాలంటే ముందు కంప్యూటర్ మీద ఆప్టిట్యూడ్ పరీక్ష గట్టెక్కాలి. అందులో మొదటి భాగం ఇంగ్లిషు. ఒక పేరా ఇచ్చి, దాని కింద ఒక వాక్యం ఇచ్చి, అది నిజమా, అబద్ధమా, పేరాను బట్టి చెప్పలేమా అని అడుగుతారు. రెండో భాగం లెక్కలు: పట్టికలు, శాతాలు, నిష్పత్తులు. తీరిగ్గా కూర్చుంటే ఎవరైనా చేస్తారు. తీరికే ఉండదు. ఒక్కో భాగానికి ఇరవై నిమిషాలు.

సుబేదారిలో ఆఫీసు ముగించుకుని నేను మట్టెవాడలో ఇల్లు చేరేసరికి, ఆమె ముందుగదిలో చాప మీద మోడల్ పేపరు పెట్టుకుని సిద్ధంగా ఉండేది. నేను ఫోన్‌లో టైమర్ పెట్టుకుని కుర్చీలో కూర్చునేవాడిని.

"గడియారం దిక్కు చూడకు బిడ్డా, పేపరు దిక్కు చూడు. టైం సంగతి నాకిడిచిపెట్టు" అనేవాడిని.

ఇది నాకు చర్చిలో అబ్బిన అలవాటు. సండే స్కూల్ పిల్లలకు బైబిల్ క్విజ్ నేర్పేటప్పుడు గంట కొట్టేది నేనే. ప్రాక్టీసులో కావాలనే కాస్త ముందు కొట్టేవాడిని. పిల్లలు గాభరాపడి వేగం పెంచేవారు. పోటీ రోజున మా పిల్లల చేతులే ముందు లేచేవి. పాస్టరుగారు అందరి ముందూ మెచ్చుకునేవారు. ఆ కిటుకు ఎవరికీ చెప్పలేదు.

అదే మా అమ్మాయి మీద ప్రయోగించాను. ఇరవై నిమిషాలని చెప్పి, పదహారు కాగానే "స్టాప్" అనేవాడిని.

రోజూ చివరి నాలుగైదు ప్రశ్నలు మిగిలిపోయేవి. తప్పుకు మార్కులు కొయ్యరు కాబట్టి, ఖాళీగా వదలకుండా ఏదో ఒకటి టిక్కు పెట్టమని చెప్పిందీ నేనే. కొన్నాళ్లకు ఆమె చివరి పేరాను చదవడమే మానేసి, వరసగా టిక్కులు కొట్టడం మొదలుపెట్టింది. ఆ సమయానికి భుజాలు బిగిసిపోయేవి. కాలి బొటనవేలు చాపను గీరుతూ ఉండేది.

"జర ఊపిరి తీస్కోనియ్యుండ్రి పిల్లను. ఏమన్న పరుగుపందెమా అది?" అంది మా ఆవిడ వంటింట్లోంచి.

"పరుగుపందెమే."

"అయితే మీరు గూడ ఉరుకుండ్రి, కొత్తిమీర అయిపోయింది."

అమ్మాయి నవ్వలేదు. "డాడీ, నేను స్లోనా?" అని అడిగింది.

"ఇంకా జర స్పీడ్ రావాలె" అన్నాను.

పరీక్ష ఊరి బయట ఒక కాలేజీలో. తన ఫోన్, బ్యాగు నా చేతికిచ్చి లోపలికి వెళ్లింది. గేటు ఎదుట టీకొట్టు దగ్గర బైక్ మీద కూర్చున్నాను. అందరికంటే ముందు గేటు దాటి బయటికొచ్చింది మా అమ్మాయే. నా కిటుకు పనిచేసిందనుకుని ఒక్క క్షణం పొంగిపోయాను. దగ్గరికొచ్చాక ఆమె ముఖం చూశాను.

"డాడీ, టైం మిగిలింది."

"మంచిదే గద!"

"ఏం మంచిది? ఇంగ్లిష్‌ల లాస్ట్ పేరా చదవకుండనే టిక్కులు కొట్టి సబ్మిట్ నొక్కిన. నొక్కినంక స్క్రీన్ పైకి చూస్తే ఇంకా నాలుగు నిమిషాలుండె. వెనక్కి పోదామంటే పోనియ్యలే." నా దగ్గరున్న తన బ్యాగు తీసుకుంది. "ఇంట్ల ఒక్కసారన్న మిగలలే. ఈడెట్ల మిగిలింది?"

చెప్పవలసింది అప్పుడే. చేతిలో టీ గ్లాసు ఉంది, దాన్ని చూస్తూ "పేపరు ఈజీ వచ్చినట్టుంది" అన్నాను. గ్లాసు పెట్టేసి బైక్ స్టార్ట్ చేశాను.

ఉద్యోగం రాలేదు. లెక్కల్లో మంచి మార్కులు, ఇంగ్లిషులో తక్కువ. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక ధర్మసాగర్‌లో మా అక్క ఇంటికి భోజనానికి వెళ్లాం.

"పిల్ల పరీక్ష ఏమైంది తమ్మీ?" అంది అక్క.

"అన్నీ వచ్చినయే అక్కా. ఆగమాగం జేసుకుంది. నిలకడ లేదు."

అమ్మాయి నీళ్ల చెంబుతో గుమ్మంలో నిలబడి ఉంది. నేను చూడకుండా అన్న మాట కాదు. చూసే అన్నాను.

అక్కడి నుంచి ఆ మాట ఊరేగింది. అమ్మాయి దరఖాస్తులు పెట్టడం మానేసింది. ఎవరైనా ఉద్యోగం సంగతి ఎత్తితే, "టైం పెట్టి రాసేటియి నాతోని గావు" అనేది. ఆ మాట వినబడ్డప్పుడల్లా నేను అక్కణ్ణుంచి లేచి వెళ్లిపోయేవాడిని.

బతిమాలి మరో కంపెనీకి దరఖాస్తు పెట్టించాను. ఈసారి నిజంగా ఇరవై నిమిషాలిస్తే ఎవరికీ తెలియకుండా తప్పు సర్దుకుంటుందని నా ఆలోచన. చాప పరిచింది. ఫోన్ నొక్కాను. పదహారో నిమిషం వచ్చింది. నేను "స్టాప్" అనలేదు. ఆమె చకచకా టిక్కులు కొట్టి పెన్ను పక్కన పెట్టేసింది.

"ఇంకా ఉంది బిడ్డా" అన్నాను.

"లేదు, అయిపోయింది. నాకు తెలుస్తది."

"ఉంది, రాయి."

నా గొంతు నాకే తేడాగా వినిపించింది. ఆమె లేచి వచ్చి నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది. ఇంకా దాదాపు నాలుగు నిమిషాలు మిగిలి, అంకెలు తిరుగుతూనే ఉన్నాయి. శాతాలు నోటిలెక్కగా చెప్పే పిల్ల, ఈ లెక్కకు ఎంతసేపు?

"రోజూ గింతకే ఆపినవా?"

"ఆపిన."

"మొదటిసంది?"

"మొదటిసంది. స్పీడ్ వస్తదని..."

"గేటు కాడ అడిగితే పేపరు ఈజీ అన్నవ్."

ఆమె ఏడవలేదు, అరవలేదు. "నేనే స్లో అనుకున్న డాడీ" అంది. ఫోన్ నా చేతిలో పెట్టి, "అత్తమ్మకు చెప్పు. నేనున్నప్పుడే చెప్పాలె" అంది.

మరుసటి ఆదివారం ధర్మసాగర్‌లో అందరూ అన్నం ముందు కూర్చున్నాక చెప్పాను. అక్క గరిటె పట్టుకుని అట్లాగే నిలబడింది.

"గంట ముందుగాల కొట్టింది నువ్వు, ఆగమైంది పిల్లనా? చిన్నప్పుడు కబడ్డీల గూడ గింతే. ఆడేటోనివి నువ్వే, అవుట్ చెప్పేటోనివి నువ్వే!"

అందరూ నవ్వారు. అమ్మాయి కూడా కొద్దిగా నవ్వింది.

చెప్పేస్తే సర్దుకుంటుందనుకున్నాను. సర్దుకోలేదు. ఈ వారమే ఆ రెండో కంపెనీ పరీక్ష. ఫోన్ ఇప్పుడు నా చేతిలో ఉండదు. అంకెలు ఆమెకు కనబడేలా చాప మీద నిలబెడతాను. నిన్న సాయంత్రం పాత చోటుకు, పదహారో నిమిషానికి, రాగానే మళ్లీ భుజాలు బిగిశాయి. కాలి వేలు చాపను గీరింది. పెన్ను చివరి పేరాను దాటి టిక్కుల దగ్గరికి వెళ్లిపోయింది.

"డాడీ, ఇంకెంతుంది?" అంది, అలవాటు కొద్దీ.

నోటిదాకా వచ్చిన మాటను ఆపుకుని, వేలితో ఫోన్ చూపించాను. ఆమె ఒకసారి నా ముఖం వైపు చూసింది. తర్వాత ఫోన్ వైపు, కొంచెం ఎక్కువసేపు చూసింది. పెన్నును వెనక్కి తెచ్చి, చివరి పేరా మొదటి మాట దగ్గర పెట్టి చదవడం మొదలుపెట్టింది.