పెద్దమ్మ తోటలో మొసలి

మొన్న మా మనవరాలు ఫోనులో ఒక వీడియో చూపించింది. ఎవరో యాత్రికులు చెరువు ఒడ్డున నిలబడి, మొసలికి మాంసం ముక్కలు విసురుతూ నవ్వుకుంటున్నారు. చూడలేక, తీసేయమన్నాను.

రెండు వేల ఎనిమిది, తొమ్మిది ఆ రోజుల్లో నేను మస్కట్ దగ్గర బౌషర్‌లో ఒక ఇంట్లో వంట చేసేదాన్ని. శుక్రవారాలు అందరం ఊరి బయట వాళ్ల ఖర్జూరపు తోటకు వెళ్లేవాళ్లం. అక్కడ కంచె కట్టిన చిన్న కొలనులో యజమాని ముచ్చటపడి తెప్పించుకున్న ఎలిగేటరు ఒకటి ఉండేది. అదీ మొసలి జాతే, మూతి కాస్త వెడల్పు. వచ్చినప్పుడు రెండు మూరలుండేదట, నేను చూసేనాటికి మనిషి పొడవైంది. గంటల తరబడి నోరు తెరుచుకుని, ప్రాణం ఉందా లేదా అన్నట్టు ఎండలో పడి ఉండేది. కోడి మెడలూ తోలూ కంచె మీదుగా వేయడం నాకో సరదా. నా అడుగుల చప్పుడు వినగానే ఈదుకుంటూ వచ్చేది, నన్ను గుర్తుపట్టిందని పొంగిపోయేదాన్ని.

కరీంనగర్ వైపు నుంచి వచ్చిన డ్రైవర్ అన్న ఒకరోజు కోప్పడ్డాడు. "చెల్లె, అది గుర్తువట్టింది నిన్ను గాదు, తిండిని. ఇగ ఎవ్వలు ఒడ్డుకొచ్చినా తిండే అనుకుంటది. ముక్కలెయ్యకు, నీళ్లకు దూరముండు."

విన్నాను, మానలేదు.

ఒక శుక్రవారం మధ్యాహ్నం ముక్కల గిన్నెతో వెళ్లేసరికి కంచె తలుపు ఓరగా తెరిచి ఉంది. కొలనులో కదలిక లేదు. ఇసుకలో ఏదో ఈడ్చుకుపోయిన చార, చెట్లకు నీళ్లు పారించే, నేలలోకి తవ్వి కట్టిన పెద్ద తొట్టి దాకా ఉంది. ఆ తొట్టి గట్టు మీద, నమాజుకు ముందు కాళ్లు కడుక్కుంటూ, యజమాని తల్లి కూర్చుని ఉంది. ఆవిడను నేను పెద్దమ్మా అనే పిలిచేదాన్ని. ఆవిడ పాదాలకు నాలుగైదు అడుగుల దూరంలో నీటి మీద రెండు కళ్లు మాత్రం తేలుతున్నాయి.

మొసలిని అరబ్బీలో ఏమంటారో నోటికి రాలేదు. "పెద్దమ్మా, లేవండి! లేవండి!" అని తెలుగులోనే అరిచాను. ఆవిడేమో నవ్వుతూ, వచ్చి కూర్చోమని చేయి ఊపింది. పరుగెత్తి చంకల కింద చేతులు వేసి వెనక్కి లాగాను. ఇద్దరం ఇసుకలో పడ్డాం. నీళ్లు ఒక్కసారిగా ఎగసి, దవడలు టక్కుమని మూసుకుని, ఆవిడ బురఖా అంచు చింపుకుపోయాయి.

తోట పనివాళ్లు కర్రలతో వస్తుంటే డ్రైవర్ అన్న అడ్డం పడ్డాడు. "దాన్ని కొట్టకుండ్రి! అందరు దూరం జరుగుండ్రి, సర్కారోళ్లు అచ్చి పట్టుకపోతరు." వాళ్లు వచ్చి, తాళ్లు వేసి, మూతి కట్టి తీసుకుపోయారు.

మేత అలవాటు చేసింది నేనేనని వచ్చీరాని అరబ్బీలో ఆవిడకు చెప్పుకున్నాను. ఎంత అర్థమైందో తెలియదు. నా తల మీద చేయి వేసి "ఖలాస్" అంది, అయిపోయిందిలే అన్నట్టు. ఆ తర్వాత నేనున్నన్నాళ్లూ ఆవిడ పాదాలకు నేనే నీళ్లు పోశాను.

తోట ఉన్నచోట ఇప్పుడు మేడలు లేచాయని డ్రైవర్ అన్న ఈమధ్య అనుకోకుండా కలిసి చెప్పాడు. పెద్దమ్మ పోయి చాలా ఏళ్లయిందట. అప్పుడు నాకు కబురు చెబుదామన్నా, ఆ ఇంట్లో ఎవరి దగ్గరా నా నంబరు లేదట.