పేరు పట్టని గొట్టం

దానాలన్నిటిలో అన్నదానం గొప్పదని పెద్దలు చెప్పారు గానీ, మార్కాపురం దగ్గరి ఒక పల్లెలో ఇరవై రెండేళ్లుగా అంగన్‌వాడీ నడుపుతున్న నాగమల్లేశ్వరి అనుభవం వేరు. ఆమె చూసినంతలో, పేరు రాసుకోవడానికి జాగా ఉన్న దానమే గొప్పది. కేంద్రంలో ఫ్యాను రెక్క మీద ఒక పేరుంది. ఫ్యాను తిరిగినంతసేపూ దాత కనబడడు, కరెంటు పోగానే దర్శనమిస్తాడు. స్టీలు గ్లాసుల మీద ఇంకో పేరు. మూడేళ్ల పిల్లలకు ఒకాయన బ్యాగులిచ్చాడు. తగిలించుకుంటే వెనకనుంచి పిల్ల కనబడదు, పేరు మాత్రం కనబడుతుంది. ఒక సంఘం వారు మే నెలలో దుప్పట్లు పంచి, పిల్లలెవరూ వణకడం లేదని కాస్త చిన్నబుచ్చుకుని వెళ్లారు.

కేంద్రం పక్కనే ఆ ఊరి మహాదానం ఉంది: 'కీర్తిశేషురాలు పోలేరమ్మ స్మారక శుద్ధజల కేంద్రం'. ఒంగోలులో కాంట్రాక్టులు చేసుకునే ఆమె కొడుకు వంశీ నాలుగేళ్ల కిందట కట్టించాడు. పాలరాతి ఫలకం నేటికీ తళతళలాడుతోంది. యంత్రం మాత్రం పదకొండు నెలలు పనిచేసి విశ్రాంతి తీసుకుంది. నీళ్లలోని ఫ్లోరైడును ఆపే గొట్టం ఒకటి అందులో ఉంటుంది, మెంబ్రేను అంటారు. అది పూడిపోయింది. మారిస్తే చాలునని మెకానిక్కు తేల్చి చెప్పాడు. మార్చేవాళ్లు లేక కుళాయి ఎండిపోయింది.

ఆ ఊరి బోరు నీళ్లలోని ఫ్లోరైడు పళ్ల మీద ఎలాంటి మచ్చలు వేస్తుందో చూడాలంటే ప్రసన్నను నవ్వించాలి. నాగమల్లేశ్వరి దగ్గర అఆలు నేర్చుకుని ఇప్పుడు ఏడో తరగతి చదువుతున్న పిల్ల. నవ్వించినా లాభం లేదు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే నవ్వుతుంది. పాలపళ్లు ఊడాక రావలసిన పళ్లు అంగన్‌వాడీ వయసులోనే చిగురు లోపల తయారవుతాయని శిక్షణలో డాక్టరు చెప్పిన మాట నాగమల్లేశ్వరిని వదలలేదు. ఇప్పుడు ఆమె దగ్గరున్నవాళ్లు ఇరవై ముగ్గురు. ఆయా హలీమాబీ పక్క ఊరి ట్యాంకు నుంచి రోజూ రెండు బిందెలు మోసుకొస్తుంది. మధ్యాహ్నానికి అవి ఖాళీ.

గొట్టం ఇప్పించమని నాగమల్లేశ్వరి అడగని దాత లేడు. మార్కాపురం మహిళా సంఘం నుంచి వాణి పుట్టినరోజు కేకుతో వచ్చినప్పుడు ఆమెనూ అడిగింది.

"మెంబ్రేనా? అది యాడుంటదమ్మా?"

"మిషను లోపల, మేడం."

"లోపలా!" అని వాణి కేకు వైపు తిరిగింది.

ఆ ఒక్క మాటతో నాగమల్లేశ్వరికి జ్ఞానోదయమైంది. గొట్టం లోపలుంటే ఉండనీ, పేరు బయట ఉంటే సరి. మార్కాపురంలో రాతికి కొదవా? తిన్నగా ఏబేలు పలకల షెడ్డుకు వెళ్లింది.

"ఏబేలన్నా, నల్లరాయి పలక పెద్దది కావాల. పేరు చెక్కాల."

"ఎవురన్నా పోయినారా అమ్మా?"

"ఇంకా లేదు. నేనే పోయేటట్టున్నా."

చెక్కించిన పలకను ఎరువుల దుకాణం సురేష్ ముందు పెట్టింది. 'మెంబ్రేను దానం: కీ.శే. మల్లయ్య గారి జ్ఞాపకార్థం, కుమారుడు సురేష్.' సురేష్ తండ్రి పేరు రెండుసార్లు చదివి, తువ్వాలుతో పలక తుడిచాడు.

"ఇంత చిన్నపనికి ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదక్కా? ఈ వారంలోనే తెప్పిస్తా."

ఇక్కడే నాగమల్లేశ్వరి తప్పు చేసింది. సురేష్ మళ్లీ మాట మారుస్తాడేమోనని, గొట్టం రాకముందే పలకను పాలరాతి ఫలకం కింద వేలాడదీసింది. దాని ఫొటో ఊరి వాట్సాప్ గ్రూపులో పడింది. గొట్టం ఊరు చేరకముందే ఫొటో ఒంగోలు చేరింది. మూడోరోజు వంశీ కారు వచ్చి ఆగింది.

"మా అమ్మ కట్టడం మీద మల్లయ్య పేరేందక్కా? పొలం గట్టు కాడ మా నాయనకూ ఆయనకూ ముప్పై ఏండ్లు మాటల్లేవు!"

"గట్టు సంగతి నాకు తెలీదు సార్. గొట్టం మీరియ్యండి, పలక నేనే తీసేస్తా."

"తీసెయ్. మా అమ్మ పేరు ఎట్ల నిలబెట్టాల్నో నాకు తెలుసు. ఆదివారం చూడక్కా."

పలక దిగింది. ఆ సంగతి విని సురేష్ కూడా దిగిపోయాడు. "గోడ మీద మా నాయన పేరు లేనప్పుడు, గోడ లోపల మా గొట్టమెందుకు?"

ఆదివారం నిజంగానే మనుషులొచ్చారు. గోడలకు నీలం రంగు, ముందర స్టీలు ఆర్చి, పోలేరమ్మ నిలువెత్తు ఫొటో, మెరిసే కొత్త కుళాయి. వంశీ కుళాయి తిప్పాడు. నీళ్లు దూకాయి. చప్పట్లు కొట్టినవాళ్లలో నాగమల్లేశ్వరి కూడా ఉంది. తర్వాత ఎందుకో అనుమానం వచ్చి గది వెనక్కి వెళ్లింది. ప్లంబరు జమీర్ సామాను సర్దుకుంటున్నాడు.

"తమ్ముడూ, మిషను ఆడిన చప్పుడే లేదే?"

"గొట్టం స్టాకు లేదంటక్కా. ఫొటోకు నీళ్లు రావాలన్నాడు సారు. బోరు పైపు డైరెక్టుగా కుళాయికి ఇచ్చినా."

"మళ్లీ ఎప్పుడు మారుస్తారు?"

"అది నాకు చెప్పలేదక్కా."

ఎండిన కుళాయి ఎవరికీ హాని చేయలేదు. ఇప్పుడు 'శుద్ధజలం' అన్న పేరు కింద బోరు నీళ్లు ధారాళంగా పారుతున్నాయి. సోమవారం ఉదయం పిల్లలు దాతల పేర్లున్న గ్లాసులు పట్టుకుని వరసకట్టారు. నాగమల్లేశ్వరి ఒక్కొక్కరినీ లాక్కొచ్చి లోపల కూర్చోబెట్టింది. వంశీకి ఫోను చేస్తే, "నీళ్లొస్తున్నాయి కదక్కా, ఇంకేంది?" అన్నాడు.

"టీచరమ్మా, బిందెలు మోసేది ఇంక ఆపొచ్చా?" అని హలీమాబీ ఆశగా అడిగింది.

"ఆపొద్దు హలీమక్కా. మూడు తే."

మూలనున్న పలకను తెచ్చి, నున్నని వెనకవైపు సుద్దముక్కతో 'ఈ నీళ్లు తాగొద్దు' అని రాసింది. తన పిల్లలకు చదువింకా రాదు గనుక కింద నోటి బొమ్మ వేసి, అడ్డంగా గీత కొట్టింది. కుళాయికి వేలాడదీసి, బొమ్మకు అర్థం నాలుగు రోజులు నేర్పింది. అయిదో రోజుకు పిల్లలు పలకను చూసి వెనక్కి మళ్లడం నేర్చుకున్నారు.

మరుసటి వారం వాణి ఇంకో కేకుతో వచ్చింది. ఆర్చిని మెచ్చుకుంది. పలక ముందు ఆగింది.

"రాయి బాగుందమ్మా. ఎవరిచ్చినారు? పేరే లేదే?"

"పేరు వెనక ఉంది మేడం. అది..."

మాట పూర్తికాకముందే వాణి పలకను తిప్పి చూసి నొచ్చుకుంది. "పాపం, చచ్చిపోయినాయన పేరును గోడకేసి పెడతారా? ఇచ్చినోళ్లు చూస్తే ఏమనుకుంటారు?" అని పేరు బయటికి వచ్చేలా తన చేతులతో సరిగ్గా వేలాడదీసి, కేకు కోయడానికి లోపలికి నడిచింది.

నాగమల్లేశ్వరి పరుగున వెళ్లి పలకను మళ్లీ తిప్పింది. అప్పటికే ఇద్దరు పిల్లలు గ్లాసులు దించి మూతులు తుడుచుకుంటున్నారు.