పెద్దమనిషినైనంక

నాకు పదమూడేండ్లప్పుడు నన్ను మూలకు కూసోబెట్టి, నువ్వులు బెల్లం తినిపించి, వాడకట్టంత తిరిగి చెప్పొచ్చిన్రు: "మా పిల్ల పెద్దమనిషైంది." నాకు తెలిసిన పెద్దమనుషులు తలకు రుమాలు సుట్టుకొని, అరుగుల మీద కూసోని, పది మందికి బుద్ధి చెప్పేటోళ్లు. గందుకే లోపల మస్తు సంబురపడ్డ. తానం పోసిన తెల్లారి, ఎప్పటి లెక్కనే గొంగడి భుజాన ఏసుకొని బాపు ఎంబడి గొర్ల మందకు బయలెల్లిన.

"ఏడికే?" అన్నది అమ్మ. "పెద్దమనిషివైనవు. ఇగ గుట్టలెంబడి తిరుగుడేంది? ఇంట్ల ఉండు."

బాపు నా దిక్కు చూసిండు. నా భుజం మీది గొంగడి తీసుకొని ఒక్కడే పోయిండు. ఆరేండ్ల సంది మంద ఎంబడి తిరిగినదాన్ని, ఆ పొద్దుతోని వాకిలి దాకనే అయిన. పెద్దగైతే మనిషికి జాగ పెరుగుతదనుకున్న నా తెలివికి ఇప్పటికీ నవ్వొస్తది.

రెండేండ్లకు తిరుమలగిరి దిక్కు ఒక ఊరికి ఇచ్చిన్రు. ఆడికి పోంగనే మళ్ల చిన్నపిల్లనైన. నీళ్లు మోసేటప్పుడు, జొన్నలు ఇసిరేటప్పుడు పెద్దదాన్నే. నోరు తెరిస్తెనే "చిన్నపిల్లవు, నీకేం తెల్సు?" అనేటోళ్లు. మా మామ మాత్రం అసలైన పెద్దమనిషి. ఊర్ల ఏ పంచాయితైనా ఆయన మాట లేనిదే తెగకపోయేది.

ఒక వానకాలం అత్త, నా పెనిమిటి నకిరేకల్ల లగ్గానికి పోయిన్రు. ఇంట్ల మామ, నేనే. ఆ పగలు ఒక గొర్రె ఈనలేక కింద పడ్డది. మామ తిప్పలు పడ్డడు గని, ఆయనది మోటు చెయ్యి, లోపలికి పోలే.

"మామా, నేను చూస్త."

"చిన్నపిల్లవు, నీకేం తెల్సు? లోపలికి పో."

నేను పోలే. గొర్రె అరుపు సన్నగైంది. మామ ఒకసారి గొర్రెను చూసిండు, ఒకసారి నా చేతులు చూసిండు. జరంత పక్కకు జరిగిండు.

చేతికి ఆముదం రాసుకొని చూస్తే, పిల్ల ముందటి కాలు ఎనక్కు మడత పడ్డది. బాపు చేసేటట్లే పిల్లను మెల్లగ లోపలికి నూకి, కాలు సాపు చేసి, నొప్పి వచ్చినప్పుడల్ల గుంజిన. తడిబట్ట లెక్క జారి పడ్డది. ఊపిరి లేదు. ముక్కు తుడిచి, గడ్డితోని గట్టిగ రుద్దిన. ఆఖరుకు తుమ్మింది.

మామ కండ్లల్ల నీళ్లు. "పొగ" అన్నడు. ఆడ పొయ్యి లేదు.

అత్త తిరిగొచ్చినంక, "నేను, కోడలు కలిసి బతికిచ్చినం" అని చెప్పిండు. పది రోజులకు చావిడి కాడ అదే ముచ్చట చెప్పంగ విన్న. అప్పటికి నేను "పక్కకు ఒకలు పట్టుకున్నరు" అయిన.

అయినా ఊరికి అసలు సంగతి ఎట్ల తెలిసిందో తెలిసింది. "కాకా, నీ కోడలును జర తోలు" అనుకుంట ఇంటికి రాబట్టిన్రు. నా తల్లి ఈడోళ్లు నన్ను "అక్కా" అన్నరు. అప్పుడు నాకు పదహారేండ్లు. అక్కా అన్నప్పుడల్ల నా ఎనుక ఇంకెవరన్న నిలబడ్డరా అని తిరిగి చూసేదాన్ని. గొర్రె చస్తే ఏమంటరోనని బుగులైతుండె. చిన్నపిల్లను, నాకేం తెల్సు అందామంటే, ఇగ ఇనేటోళ్లు లేరు.

మామ గూడ గొర్ల పంచాయితి ఏదొచ్చినా ముందుగాల వంటింటికొచ్చి, నా మొఖం చూడకుంట, పొయ్యికి చెప్పినట్టు చెప్పేటోడు. నేను చెప్పింది ఇని, అరుగు మీదికి పోయి, "నా మాట గిది" అనేటోడు.

ఒకసారి ఇద్దరు కొట్లాడుకొని వచ్చిన్రు. ఒకని మందకు గాలికుంటు రోగం తగిలింది. ఇద్దరి గొర్లు తాగేది ఒక్క వాగులనే. మామ మొదలు పెట్టిండు: "నా మాట గిది. మంచి మంద... మంచి మంద..." ఆగిండు. దగ్గిండు. "నీళ్లు!" అని కేకేసిండు.

చెంబు తీసుకపోయి ఇచ్చుకుంట, తల ఒంచుకొనే మెల్లగ అన్న: "మీది దిక్కు తాగాలె. రోగమున్నది కింది దిక్కు."

ఒక్క గుక్క తాగి, మూతి తుడుచుకొని, మామ తీర్పు చెప్పిండు. ఇద్దరు గూడ నాకే దండం పెట్టి పోయిన్రు.